నొప్పి లెక్క ఎక్కడ రాయాలి: క్యాన్సర్ వార్డు నర్సులకు కాగితమా, టాబ్లెటా, ఆసుపత్రి సాఫ్ట్‌వేరా, ఫోనా?

క్యాన్సర్ పేషెంటుకు మార్ఫిన్ మాత్ర ఇచ్చిన గంటకు ఆ మంచం దగ్గరికి మళ్ళీ ఎవరు వెళ్ళారు? వెళ్ళి ఏమడిగారు? వచ్చిన జవాబు ఎక్కడ రాశారు? టాబ్లెట్లు కొనాలా, ఉన్న సాఫ్ట్‌వేర్‌లోనే నొప్పి పేజీ పెట్టించాలా, ఇంటి దగ్గరి పేషెంట్లకు యాప్ ఇవ్వాలా అని తేల్చుకునే ముందు, నిన్నటి పది కేస్ షీట్లు తీసి ఈ మూడు ప్రశ్నలకు జవాబు వెతకండి. చాలా వార్డుల్లో నొప్పికి పేషెంటు చెప్పే 0–10 లెక్కలో (0 అంటే నొప్పి లేదు, 10 అంటే భరించలేనంత) మొదటి అంకె ఉంటుంది, మందు ఇచ్చిన టైము ఉంటుంది, తర్వాతి అంకె ఉండదు.

నొప్పిని ఒకసారి అడిగి రాయడం ఏ పద్ధతిలోనైనా సులువే. మందు పనిచేసే వేళకు మళ్ళీ అడగడం, తగ్గకపోతే డ్యూటీ డాక్టరుకు చెప్పడం, ఆర్డరు మారిందో లేదో చూడడం, ఈ గొలుసు తెగే చోటే పేషెంటు రాత్రంతా మూలుగుతూ గడుపుతాడు. అందుకే ఇక్కడ ప్రతి పద్ధతినీ ఒకే కొలతతో చూస్తున్నాం: అది నర్సును రెండోసారి మంచం దగ్గరికి తీసుకెళ్తుందా లేదా.

కంప్యూటరు వల్ల నిజంగా మేలుందా అనేవారికి గట్టి ఆధారం ఒకటుంది. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్ ఆసుపత్రిలో కీమోథెరపీ తీసుకుంటున్న 766 మందితో చేసిన పరిశోధన ఫలితాలు 2017లో అచ్చయ్యాయి. తమ లక్షణాలను కంప్యూటరులో తామే నమోదు చేసినవాళ్ళు మధ్యస్థంగా 31.2 నెలలు బతికారు, మామూలు పద్ధతిలో చూసినవాళ్ళు 26 నెలలు. అయితే ఆ పనిని తెర ఒక్కటే చేయలేదు. లక్షణం ముదిరితే నర్సుకు ఈమెయిల్ వెళ్ళేది, అలాంటి హెచ్చరికల్లో నాలుగింట మూడు వంతులకు పైగా సందర్భాల్లో నర్సు ఫోను చేయడమో, మందు ఏర్పాటు చేయడమో, మరో నిపుణుడి దగ్గరికి పంపడమో జరిగింది. హెచ్చరిక అందుకునే మనిషి లేని చోట అదే సాఫ్ట్‌వేర్ పెట్టి అదే ఫలితం ఆశించలేం.

ముందు ప్రశ్న తెలుగులో సరిగ్గా ఉందా?

ఏ పద్ధతి ఎంచుకున్నా అడిగే మాట ఒకటే. ఇంగ్లీషు ఫారాన్ని అనువాదం చేయించి టాబ్లెట్‌లో పెట్టేస్తే తప్పు అక్కడే మొదలవుతుంది. ‘నొప్పులు వస్తున్నాయా’ అని బహువచనంలో అడిగితే ఆడవాళ్ళకు వినిపించేది పురిటినొప్పులు. ‘బాధ ఎంత ఉంది’ అంటే కొందరు కొడుకు పట్టించుకోని బాధ చెప్తారు. అదీ రాసుకోవాల్సిందే, కానీ నొప్పి గడిలో కాదు. ‘ఇప్పుడు నొప్పి ఎంతుంది?’ అన్నదే చాలు.

అంకె చెప్పలేనివాళ్ళకు రూపాయి లెక్క బాగా పనిచేస్తుంది. పావలా, అర్ధ రూపాయి, ముప్పావలా, నిండు రూపాయి. ఇక్కడ చాలాచోట్ల దొర్లే పొరపాటు ఒకటుంది. ‘రూపాయికి ముప్పావలా’ అన్నప్పుడు ముప్పావలా తగ్గిందనా, ముప్పావలా మిగిలిందనా? తగ్గింది ముప్పావలా అయితే మిగిలిన నొప్పి 2 లేదా 3. మిగిలిందే ముప్పావలా అయితే 7 లేదా 8. ఒకరికి మందు పనిచేసినట్టు, ఇంకొకరికి వెంటనే డాక్టరును పిలవాల్సినట్టు. ఫారంలో ప్రశ్నను ‘ఇంకా ఎంత మిగిలింది?’ అని ఒకే వైపు నుంచి రాయండి.

‘పర్లేదు సిస్టర్’ అనేది అంకె కాదు. కీమో ఆపేస్తారేమోనని, మార్ఫిన్ అంటే ఇక చివరి మందేమోనని, సిస్టర్‌ను ఇబ్బంది పెట్టడమెందుకని అలా అనేవాళ్ళు చాలామంది. ‘పర్లేదు’ను 2గానో 3గానో మార్చి రాసే అలవాటు ఉంటే, ఏ కంప్యూటరూ దాన్ని పట్టుకోలేదు. ‘పక్కకు తిరిగితే ఎంత?’, ‘దగ్గితే ఎంత?’ అని ఇంకో ప్రశ్న వేస్తే అసలు జవాబు బయటికొస్తుంది. ఎముకలకు పాకిన క్యాన్సర్‌లో కదలకుండా ఉంటే 2, లేచి కూర్చుంటే 8 కావడం మామూలే. అందుకే కదిలినప్పటి నొప్పికి వేరే గడి ఉండాలి.

నొప్పి రకం చెప్పే మాటల జాబితా మీద మాత్రం ఒక పూట కూర్చుని పనిచేయండి, ఆ శ్రమకు తగిన ఫలితం ఉంటుంది. మంట, కరెంటు షాకు, జివ్వుమనడం, సూదులు గుచ్చడం, చీమలు పాకడం, తిమ్మిరి, మొద్దుబారడం అన్నవి ఎక్కువగా నరాల నొప్పి గుర్తులు. వీటికి మార్ఫిన్ పెంచుకుంటూ పోవడం కన్నా గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి చేర్చాలా అని డాక్టరు ఆలోచించాలి. కడుపులో మెలిపెట్టడం పేగుల్లో అడ్డుకు సంకేతం కావచ్చు, మలబద్ధకమూ కావచ్చు. పోటు, సలుపు, పీకడం, లాగడం వేరే దారి. హైదరాబాద్ ఎంఎన్‌జేకో, విశాఖ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో జిల్లాల నుంచి వచ్చేవాళ్ళు ఒకే మాట వాడరు. ఒకరు ‘నొస్తాంది, గుంజుతాంది’ అంటే ఇంకొకరు ‘నొప్పెడుతోంది, లాగేస్తోంది’ అంటారు. జాబితాలో రెండు మాటలూ పక్కపక్కనే ఉండాలి. పేషెంటు అన్న మాటను ఉన్నదున్నట్టు రాయడానికి ఒక ఖాళీ గడి తప్పనిసరి.

ఇంకో రెండు గడులు ప్రాణాలకు సంబంధించినవి. నిద్రలో ఉన్న పేషెంటుకు, స్పృహ లేని పేషెంటుకు ‘0’ రాయడం అన్ని చోట్లా కనిపించే తప్పు. ‘నిద్రలో ఉన్నారు’, ‘నోటితో చెప్పలేరు’ అని వేరే ఎంపికలు పెట్టండి. రెండోది నొక్కగానే ప్రవర్తన చూసి కొలిచే స్కేలు తెరుచుకోవాలి: రెండు నెలల నుంచి ఏడేళ్ళ దాకా పిల్లలకు ఫ్లాక్, మతిమరుపు వ్యాధి ఉన్న పెద్దలకు పెయిన్‌యాడ్. రెండూ 0 నుంచి 10 దాకానే. రెండో గడి మగతకు, నిమిషానికి శ్వాసల లెక్కకు. నొప్పి అంకె ఒక్కటే చూసి డోసు పెంచేలా చేసే తెర ప్రమాదకరం. మాట్లాడుతూ మాట్లాడుతూనే నిద్రలోకి జారే పేషెంటు ‘7’ అంటున్నా తర్వాతి మార్ఫిన్ డోసు ఇచ్చేముందు డాక్టరు రావాల్సిందే.

కాగితం చార్టు

కాగితాన్ని తీసిపారేయకండి. మంచం కాళ్ళ దగ్గర వేలాడే ఒక్క పేజీ చార్టు, అడ్డంగా గంటలు, నిలువుగా 0–10, డోసు ఇచ్చిన చోట బాణం గుర్తు. ఇది కరెంటు పోయినా ఆగదు. డాక్టరు రౌండ్స్‌లో నడుస్తూనే గీత పైకి పోతోందో కిందికి దిగుతోందో చూస్తారు. పదిహేను మంచాల లోపు హాస్పీస్‌కు (చివరి దశ పేషెంట్లను చూసుకునే కేంద్రానికి), నర్సులు మారకుండా ఉండే చోటకు ఇది చాలు.

లోటు ఒకటే: గంట తర్వాత గుర్తు చేయదు. దానికి వంటింట్లో వాడే టైమరో, డ్యూటీ ఫోనులో అలారమో పెట్టుకోవచ్చు. నోటి ద్వారా ఇచ్చిన మార్ఫిన్‌కు 60 నిమిషాలు, సిరలోకి ఇచ్చినదానికి 15 నిమిషాలు. నెలాఖరున లెక్కలు కావాలంటే ఎవరో కూర్చుని ఎక్సెల్‌లో ఎక్కించాలి. ఆ పని నర్సుకే అప్పగించకండి.

టాబ్లెట్‌లో ఆఫ్‌లైన్ ఫారం

కోబోటూల్‌బాక్స్, ఓడీకే లాంటి ఫారం యాప్‌లు ఆండ్రాయిడ్ టాబ్లెట్‌లో ఇంటర్నెట్ లేకుండా పనిచేస్తాయి, సిగ్నల్ దొరికినప్పుడు పంపేస్తాయి. ప్రశ్నలన్నీ ఒక ఎక్సెల్ షీటులో రాసుకోవాలి, తెలుగుకు ఒక నిలువు వరస, ఇంగ్లీషుకు ఒక నిలువు వరస. 0–10 దాటిన అంకె పడకుండా ఆపవచ్చు, ‘చెప్పలేరు’ నొక్కితేనే ఫ్లాక్ ప్రశ్నలు వచ్చేలా పెట్టవచ్చు. ఫారం తెరిచిన టైము, ముగించిన టైము దానంతటవే నమోదవుతాయి. డ్యూటీ అయిపోయే ముందు కూర్చుని ఎనిమిది గంటల అంకెలు ఒకేసారి ఊహించి నింపడం దీనితో బయటపడుతుంది. కానీ అత్యవసరంలో ఆలస్యంగా రాసిన నిజమైన అంకెను తప్పుగా చూడకుండా ‘అడిగిన టైము’ అనే గడి కూడా వేరుగా ఉండాలి.

ఇవి సర్వే కోసం పుట్టినవి, వార్డు కోసం కాదు. ప్రతి ఫారమూ విడి ఫారమే. ఉదయం 10 గంటల అంకెను 11 గంటల అంకెతో కలపాలంటే పేషెంటు నంబరు తప్పులేకుండా పడాలి. దీనికి మంచి ఉపాయం: డోసు ఇచ్చేటప్పుడు ఫారం తెరిచి మొదటి అంకె, మందు, టైము నింపి డ్రాఫ్ట్‌గా దాచండి. గంటకు అదే డ్రాఫ్ట్ తెరిచి రెండో అంకె, మగత, శ్వాస నింపి ముగించండి. అప్పుడు డ్రాఫ్ట్‌ల జాబితానే ‘ఇంకా మళ్ళీ అడగాల్సినవాళ్ళ’ జాబితా అవుతుంది. హ్యాండోవర్‌లో ఆ జాబితా చూపించి అప్పగించాలి. తొందరపడి ముగించేస్తే తర్వాత ఆ టాబ్లెట్‌లో దిద్దడం కుదరకపోవచ్చు, ఇది శిక్షణలో చెప్పి తీరాలి.

ఇళ్ళకు వెళ్ళి చూసే టీములకు కామ్‌కేర్ అనే యాప్ నయం. అందులో పేషెంటు ఒక ‘కేసు’గా ఉంటారు, పాత అంకెలు కనిపిస్తాయి, ఎవరి దగ్గరికి వెళ్ళాల్సి ఉందో జాబితా వస్తుంది. పరిశోధన కూడా చేసే బోధనాసుపత్రులకు రెడ్‌క్యాప్ అనే డేటా నమోదు సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో 2004లో మొదలైంది. లాభాపేక్ష లేని సంస్థలకు లైసెన్సు ఉచితం, కానీ సర్వరు మీది, దాన్ని చూసుకునే మనిషి మీ మనిషి.

ఫారం పొడవు మీద కఠినంగా ఉండండి. ముప్పై మంది పేషెంట్లు, నాలుగు గంటలకోసారి, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు అంటే రోజుకు 360 నిమిషాలు, అంటే ఆరు గంటల నర్సు సమయం. కుదురుగా ఉన్నవాళ్ళకు షిఫ్టుకోసారి, డోసు మారినవాళ్ళకు నాలుగు గంటలకోసారి, ఎస్‌ఓఎస్ డోసు (మామూలు డోసుల మధ్య నొప్పి వస్తే ఇచ్చే అదనపు డోసు) తీసుకున్నవాళ్ళకు గంటకు తప్పనిసరిగా, ఇలా విడగొట్టండి. ఒళ్ళంతటి బొమ్మ, రోజువారీ పనుల మీద నొప్పి ప్రభావం ఉన్న బ్రీఫ్ పెయిన్ ఇన్వెంటరీ అనే ప్రశ్నావళి చేరిన రోజున చాలు. తొమ్మిది లక్షణాలను 0–10లో అడిగే ఎడ్మంటన్ పట్టిక వారానికోసారి చాలు. ఒంటి బొమ్మ మీద గుర్తు పెట్టించేటప్పుడు ‘పేషెంటు కుడి’, ‘పేషెంటు ఎడమ’ అని రాయించండి. ఎదురుగా నిలబడ్డ బొమ్మలో కుడి మనకు ఎడమ వైపు కనిపిస్తుంది, తుంటి ఎముక నొప్పిని రెండో వైపు గుర్తించి ఎక్స్‌రే తీయించే ముప్పు ఇక్కడుంది.

ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌లో నొప్పి పేజీ

వంద మంచాలు దాటిన చోట, మందుల ఆర్డరు, ల్యాబు, ఫార్మసీ ఇప్పటికే కంప్యూటరులో ఉన్న చోట వేరే టాబ్లెట్ ఫారం పెట్టడం రెట్టింపు చాకిరీ. ఉన్న సాఫ్ట్‌వేర్‌లోనే పేజీ అడగండి. దీని అసలు బలం ఒకటే: మార్ఫిన్ ఇచ్చినట్టు టిక్ పెట్టగానే గంటకు ‘మళ్ళీ అడగాలి’ అనే పని ఆ నర్సు తెర మీద దానంతటదే రావడం. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగిందని ల్యాబు చెప్పగానే మార్ఫిన్ ఆర్డరు పక్కన హెచ్చరిక రావడం కూడా. మూత్రపిండాలు పనిచేయకపోతే మార్ఫిన్ నుంచి ఏర్పడే పదార్థాలు ఒంట్లో పేరుకుని మగతకు, శ్వాస తగ్గడానికి దారితీస్తాయి. కంపెనీ ఈ రెండూ చేసి చూపించలేకపోతే, అది అమ్ముతున్నది తెర మీద కాగితమే.

ఉచిత సాఫ్ట్‌వేర్ కావాలంటే ఓపెన్‌ఎంఆర్‌ఎస్ అనే ఉచిత వైద్య రికార్డుల సాఫ్ట్‌వేర్ మీద కట్టిన బహ్మ్‌ని ఉంది. ఛత్తీస్‌గఢ్‌లోని గనియారిలో జన్ స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రిలో మొదలైంది, తక్కువ వనరులున్న చోట్లను దృష్టిలో పెట్టుకుని తయారైంది. దానికీ చూసుకునే సాంకేతిక మనిషి కావాలి.

కొనే ముందు ఈ చిన్న పరీక్షలు అక్కడికక్కడే చేయించండి. పేషెంటు మాటల గడిలో ‘జ్ఞాపకం’, ‘తీక్ష్ణంగా’, ‘నొప్పెడ్తాంది’ అని తెలుగులో టైపు చేసి సేవ్ చేసి మళ్ళీ తెరవండి. ప్రశ్నార్థకాలు, విరిగిన వత్తులు కనిపిస్తే వాళ్ళ డేటాబేసుకు యూనికోడ్ సరిగ్గా లేదు. గత షిఫ్టు అంకె కొత్త గడిలో దానంతటదే వస్తోందా చూడండి. వస్తుంటే తీయించేయండి. లేకపోతే నెల తిరిగేసరికి వార్డంతా ‘3’ అయిపోతుంది. నాలుగు గంటలకోసారి మార్ఫిన్ ఆర్డరు పెట్టించి చూడండి. ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10కి రెట్టింపు డోసు అనేది పాలియేటివ్ (ఉపశమన చికిత్స) వార్డుల అలవాటు, తెల్లవారుజామున 2కి నిద్రలేపకుండా ఉండేందుకు. చాలా సాఫ్ట్‌వేర్లు ఆరు సమాన డోసులే తెలిసినవి. పడుకున్న పేషెంటును లేపమని 2 గంటలకు అలారం మోగిస్తాయి, ఇవ్వకపోతే ‘డోసు తప్పింది’ అని ఎర్ర గుర్తు పెడతాయి.

హెచ్చరికల సంగతి ముందే తేల్చుకోవాలి. 4 దాటిన ప్రతి అంకెకూ బీప్ వస్తే రెండు వారాల్లో ఎవరూ చూడరు. 7 లేదా అంతకు మించితే వెంటనే, ముందుసారి కన్నా 2 పెరిగితే ఆ షిఫ్టులోనే, 24 గంటల్లో మూడు ఎస్‌ఓఎస్ డోసులు దాటితే డాక్టరుకు, మగత పెరిగి శ్వాసలు 10 లోపుకు పడితే అందరికన్నా ముందు. ఈ నాలుగే పెట్టండి. ప్రతి హెచ్చరికకూ ఒక హోదా పేరు ఉండాలి: పగలు ఎవరు, రాత్రి 2 గంటలకు ఎవరు, ఆదివారం ఎవరు. రాత్రి గడి ఖాళీగా ఉంటే ఆ హెచ్చరిక లేనట్టే.

షిఫ్టు నర్సులంతా ఒకే లాగిన్ వాడడం అన్ని చోట్లా ఉన్నదే. మార్ఫిన్ విషయంలో అది నర్సుకే ప్రమాదం. ఎవరు ఇచ్చారో తేలని డోసు లెక్కకు ఆ రోజు డ్యూటీలో ఉన్న అందరూ జవాబు చెప్పాల్సి వస్తుంది. 1985 నాటి మత్తుమందుల చట్టాన్ని 2014లో సవరించి గుర్తింపు పొందిన వైద్యసంస్థలకు మార్ఫిన్ వాడకం సులభం చేశారు, కానీ వచ్చిందెంత, ఇచ్చిందెంత అన్న లెక్క సంస్థ బాధ్యతే. కంప్యూటరులో నమోదు ఉంది కదా అని రిజిస్టరు ఆపేయకండి.

ఇంటి దగ్గర ఉన్న పేషెంటు చేతిలో ఫోను

యాప్ దించుకోమనడం, పాస్‌వర్డు పెట్టుకోమనడం మన పేషెంట్లలో చాలామందితో అయ్యే పని కాదు. మూడు మార్గాలు మిగులుతాయి. రోజూ ఒకే టైముకు నర్సు ఫోను చేయడం, కంప్యూటరు చేసే ఫోనులో ‘నొప్పి ఎంతుందో అంకె నొక్కండి’ అని అడిగించడం, వాట్సాప్ సందేశం. యాభై మంది లోపు పేషెంట్లుంటే మొదటిదే మేలు, కంప్యూటరు పని ఎవరికి ఎప్పుడు చేయాలో జాబితా ఇవ్వడం వరకే. అంకె నొక్కించే ఫోనులో 10 అనేది రెండు సార్లు నొక్కాలి, ‘1’ నొక్కగానే ముందుకు దూకేసే పద్ధతి ఉంటే 10 నొప్పి 1గా నమోదవుతుంది. 0–9 వరకే అడగండి, లేదా ‘లేదు, కొంచెం, బాగా, తట్టుకోలేను’ అని నాలుగే పెట్టండి.

ఎవరు చెప్పారన్నది ప్రతిసారీ రాయాలి. ఫోను కొడుకు దగ్గరుంటుంది, నొప్పి తల్లికి. ఇంట్లోవాళ్ళు చెప్పే అంకె పేషెంటు చెప్పే దానికన్నా ఎక్కువగా, వైద్య సిబ్బంది అంచనా తక్కువగా ఉండడం తరచూ కనిపించేదే. రెండిటినీ ఒకే గీతలో కలిపితే నొప్పి ఒకరోజు పెరిగి మరుసటి రోజు తగ్గినట్టు దొంగ చిత్రం వస్తుంది.

అన్నిటికన్నా పెద్ద అడ్డంకి చట్టం. 2020 మార్చి 25 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం మత్తుమందుల చట్టం కిందికి వచ్చే మందులను ఫోను ద్వారా రాయకూడదు. మార్ఫిన్ అందులోనే ఉంది. 2018 నుంచి ట్రమడాల్ కూడా ఆ చట్టం పరిధిలోకి వచ్చింది. అంటే రాత్రి 11కి ‘9’ అని హెచ్చరిక వచ్చినా, కొత్త చీటీ ఫోనులో ఇవ్వలేరు. కాబట్టి ఇంటి నుంచి నొప్పి నమోదు చేయించే ముందే, డిశ్చార్జి రోజున, ఎస్‌ఓఎస్ డోసులు చీటీలో రాసి, మందు ఇంట్లో ఉంచి, ఎప్పుడు ఎన్ని వేసుకోవచ్చో పెద్ద అక్షరాలతో తెలుగులో రాసివ్వాలి. అప్పుడు ఫోను చేసిన నర్సు చెప్పాల్సింది ‘చీటీలో రాసిన డోసు వేయండి, గంటకు మళ్ళీ చేస్తాను’ అన్న మాటే. ఈ ఏర్పాటు లేకుండా యాప్ ఇస్తే, తమ నొప్పి ఎవరికో తెలిసింది కానీ ఎవరూ రాలేదన్న దుఃఖమే వాళ్ళకు మిగులుతుంది.

కేస్ షీటు ఫొటోలు పేర్లతో సహా వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం మానేయించండి. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. పేషెంటు పరువు సంగతి దానికన్నా ముందు నుంచీ ఉన్నదే.

డోసు లెక్క కట్టే యాప్‌లు

ఒక మందు నుంచి ఇంకో మందుకు మార్చేటప్పుడు సమాన డోసు చెప్పే యాప్‌లు ఫోనుల్లో దొరుకుతాయి. నర్సు వీటిని డాక్టరు ఆర్డరును సరిచూసుకోవడానికి వాడాలి, ఆర్డరుగా కాదు. లెక్క ఇలా ఉంటుంది: 10 మి.గ్రా. మార్ఫిన్ రోజుకు ఆరు సార్లు అంటే 60, మూడు ఎస్‌ఓఎస్ డోసులు 30, మొత్తం 90. కొత్త డోసు 15 మి.గ్రా., ఎస్‌ఓఎస్ కూడా రోజు మొత్తంలో ఆరో వంతు చొప్పున 15. సిరలోకి మార్చాలంటే మూడో వంతు, 24 గంటలకు 30, గంటకు 1.25 మి.గ్రా.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, రోజు మొత్తం అడిగిన గడిలో ఒక్క డోసు కొట్టడం ఒకటి, మైక్రోగ్రాములకు మిల్లీగ్రాములు కొట్టడం రెండోది. మందు మార్చినప్పుడు వచ్చిన లెక్కలో 25 నుంచి 50 శాతం తగ్గించాలి, కొన్ని యాప్‌లు తగ్గించి చూపిస్తాయి, కొన్ని తగ్గించవు. ఏది చేస్తుందో తెలియకపోతే రెండుసార్లు తగ్గుతుంది, లేదా అసలు తగ్గదు. మార్ఫిన్ లాంటిదే అయిన మెథడోన్‌కు ఏ యాప్ లెక్కనూ నమ్మకండి. దాని బలం పాత డోసును బట్టి మారిపోతుంది. చర్మానికి అంటించే ఫెంటనిల్ నొప్పి మందు పట్టీ పనిచేయడం మొదలవడానికి 12 గంటలు దాకా పడుతుంది, తీసేశాక కూడా చర్మం కింద మిగిలిన మందు చాలా గంటలు రక్తంలోకి వస్తూనే ఉంటుంది. జ్వరం, వేడినీళ్ళ సంచి దాన్ని ఇంకా వేగంగా లోపలికి పంపుతాయి. పట్టీ ఎక్కడ, ఏ టైముకు అంటించారు, పాతది తీశారా అన్న మూడు గడులు యాప్ కన్నా ఎక్కువ ప్రాణాలు కాపాడతాయి.

ముఖం చూసి నొప్పి చెప్పే కెమెరా

ఆస్ట్రేలియాలో కర్టిన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పెయిన్‌చెక్ ఈ రకంలో పేరున్నది, మతిమరుపు వ్యాధి ఉన్న, మాట్లాడలేని పెద్దవాళ్ళ కోసం తయారైంది. మన క్యాన్సర్ వార్డుల్లో నోటి, దవడ క్యాన్సర్ పేషెంట్లు ఎంతమందో చూడండి. ఆపరేషనుతో మారిన ముఖం, ముక్కు గొట్టం, కట్టు. ఆ ముఖాల్ని చదవడానికి కెమెరా మీద ఆధారపడకూడదు. ఇప్పటికి డబ్బు దీని మీద పెట్టకండి.

ఎవరికి ఏది

పదిహేను మంచాల హాస్పీస్ అయితే కాగితం చార్టు, టైమరు, నెలాఖరు లెక్కలకు ఒక ఎక్సెల్ షీటు. ఊళ్ళకు తిరిగే హోమ్‌కేర్ టీమైతే కామ్‌కేర్ లాంటి కేసు జాబితా ఉన్న ఆఫ్‌లైన్ యాప్, రోజూ నర్సు ఫోను, ఇంట్లో ముందే ఉంచిన ఎస్‌ఓఎస్ డోసులు. నలభై నుంచి ఎనభై మంచాల వార్డు, ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ బిల్లింగ్ వరకే ఉంటే కోబో డ్రాఫ్ట్ పద్ధతి, ఇరవై మంచాలకో టాబ్లెట్. టాబ్లెట్‌ను మంచం మంచానికీ మధ్య 70 శాతం ఆల్కహాల్ తుడుపుతో తుడవాలి, ఛార్జింగు ఏ షిఫ్టు బాధ్యతో రాసి అంటించాలి. పెద్ద క్యాన్సర్ ఆసుపత్రి అయితే ఉన్న సాఫ్ట్‌వేర్‌లోనే పేజీ, తిరిగి అడిగే పని దానంతటదే వచ్చేలా. నొప్పి మందు కోసం పేషెంటే నొక్కుకునే పీసీఏ పంపులు ఉన్నచోట నొక్కినవెన్ని, అందినవెన్ని అన్న రెండు అంకెలూ ఆ పేజీలోకి రావాలి. నలభైసార్లు నొక్కితే ఎనిమిదే అందాయంటే ఆ డోసు చాలడం లేదు, లేదా పంపు గురించి పేషెంటుకు సరిగ్గా చెప్పలేదు. పక్కనున్న బంధువు నొక్కుతున్నాడేమో కూడా అప్పుడే చూడాలి.

ఏదైనా మొత్తం వార్డులో దించే ముందు ఆరు మంచాల్లో రెండు వారాలు నడపండి, కాగితం కూడా పక్కన ఉంచి. లెక్కపెట్టాల్సింది ఒకటే: ఇచ్చిన ఎస్‌ఓఎస్ డోసుల్లో ఎన్నిటికి 45 నుంచి 75 నిమిషాల మధ్య రెండో అంకె ఉంది. కాగితంలో ఎన్ని, కొత్త పద్ధతిలో ఎన్ని. అంకెల్లో ఎన్ని ముందుదానితో అచ్చు ఒకేలా ఉన్నాయో కూడా చూడండి, నాలుగింట మూడు వంతులు ఒకేలా ఉంటే అడగకుండా రాస్తున్నారని అర్థం. ఆ నర్సును మందలించకండి, ఆ షిఫ్టులో ఎంతమంది పేషెంట్లకు ఎంతమంది నర్సులున్నారో ముందు చూడండి. రెండు వారాల్లో కనీసం నాలుగు రాత్రుల లెక్క విడిగా తీయండి. పగలు ముగ్గురున్నప్పుడు చక్కగా నడిచిన పద్ధతి రాత్రి ఒక్కరే ఉన్నప్పుడు ఎంతవరకు నిలిచిందో, నొప్పి కూడా రాత్రే ఎక్కువ కాబట్టి, ఆ నాలుగు రాత్రుల అంకెను బట్టే కొనాలో వద్దో నిర్ణయించండి.